ఎగిరే ఆకుకు నా మార్కులు

సూపర్ మారియో బ్రదర్స్ 3 అనే వీడియో గేమ్‌ను మొత్తంగా సమీక్షించినవారు లెక్కలేనంత మంది ఉన్నారు. నేను ఇక్కడ ఆ ఆటలోని ఒకే ఒక వస్తువును గురించి రాయదలచుకున్నాను. ప్రశ్నార్థకం ఉన్న పెట్టెను తలతో పొడవగానే పైకి లేచి, రావి చెట్టు నుంచి రాలిన పండుటాకులా అటూ ఇటూ ఊగుతూ దిగే ఆకు అది. ఆటలో దాని పేరు సూపర్ లీఫ్. తొంభైల్లో హైదరాబాద్ బేగంపేట ప్రకాశ్‌నగర్ సందులో గంటకు ఐదు రూపాయలు తీసుకుని వీడియో గేమ్ ఆడనిచ్చే దుకాణంలో మాకు ఆ పేరు తెలియదు కాబట్టి, మేము దాన్ని తోకాకు అనేవాళ్లం. ఆటలో మనం నడిపించే మనిషి మారియో. వాడు దాన్ని తాకగానే వాడికి రెండు చెవులూ, చారల తోకా మొలిచేవి. ఆ తోక ఆడిస్తూ వాడు గాలిలోకి లేచేవాడు. పోయిన వేసవి సెలవుల్లో మా అక్క కొడుకుతో కలిసి అదే ఆటను నింటెండో స్విచ్ అనే ఆట యంత్రం మీద మొదటి నుంచి చివరి దాకా మళ్లీ ఆడాక, ఈ తరహా ఆటల్లో మనిషిని ఎగిరించే వస్తువులన్నిటిలోకీ ఇదే మేలైనదని నాకు గట్టిగా అనిపించింది. ఆ మాటకు నా కారణాలు చెబుతాను.

ముందు దాని పనితీరు. మారియో పొట్టివాడుగా ఉన్నప్పుడు ఆ పెట్టెను పొడిస్తే ఆకు రాదు, పుట్టగొడుగు వస్తుంది. అది తిని పెద్దవాడైన తరువాత పొడిచిన పెట్టెలోనే ఆకు ఉంటుంది. అది నేరుగా చేతికి అందదు. ఊగుతూ దిగుతుంది కాబట్టి ఏ పక్కకు ఎప్పుడు వాలుతుందో చూసి అందుకోవాలి, లేకపోతే కింద గుంటలో పడిపోతుంది. ఆకు దొరికినంత మాత్రాన ఎగరడం కూడా రాదు. తెర అడుగున ఉన్న పట్టీలో ఆరు బాణం గుర్తులూ, వాటి చివర పి అనే అక్షరమూ ఉంటాయి. బి బటన్ నొక్కిపట్టి ఆగకుండా పరుగెత్తితే ఆ బాణాలు ఒక్కొక్కటిగా వెలుగుతాయి. ఆరూ నిండి పి మిణుకుమిణుకుమంటున్నప్పుడు ఎ నొక్కి పైకి లేచి, ఆ తరువాత ఎ బటన్‌ను టకటకా కొడుతూ పోతే మారియో గాలిలో పైపైకి వెళ్తాడు. ఆ భాగ్యం నాలుగైదు సెకన్లే. అది తీరిపోయాక కూడా బటన్ కొడుతూనే ఉంటే రాయిలా పడిపోకుండా, తోక ఆడిస్తూ మెల్లగా నేల మీదికి దిగుతాడు.

అసలు తెలివంతా ఆ ఆరు బాణాల్లో ఉందని నా నమ్మకం. మా ఇంటి మేడ మీద నిలబడితే ఆ రోజుల్లో బేగంపేటలో విమానాలు లేవడం కనిపించేది. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరిచే దాకా ఊరికి వచ్చిపోయే ప్రయాణికుల విమానాలన్నీ అక్కడి నుంచే తిరిగేవి. అంత పెద్ద విమానం కూడా ఉన్నచోటు నుంచి లేవదనీ, ముందు నేల మీద చాలాసేపు పరుగెత్తాలనీ మాకు పుస్తకం కన్నా ముందు మేడే నేర్పింది. తోకాకు అదే నియమాన్ని పాటిస్తుంది. ఎగరాలంటే ముందు చదునైన నేల కావాలి, ఆ నేల మీద అడ్డు ఉండకూడదు. దారిలో తాబేలు ఉంటే ముందు దాని పని చూడాలి, గొట్టంలోంచి తల ఎత్తే పువ్వు ఉంటే దాని వేళ తెలుసుకోవాలి, వెనక్కి తగినంత దూరం నడిచి అక్కడి నుంచి పరుగు మొదలుపెట్టాలి. మధ్యలో ఒక ఇటుకకు తగిలి ఆగితే వెలిగిన బాణాలు ఒక్కొక్కటిగా ఆరిపోతాయి. అందువల్ల ఈ ఆట ఆడేవాడు ఆకాశం కన్నా నేలను ఎక్కువగా చూస్తాడు. ఒక స్టేజ్‌లో మామూలుకన్నా పొడుగైన చదును నేల కనబడిందంటే, పైన ఏదో ఉందని చెప్పకుండా చెప్పినట్టే.

ఆటలోని ఎనిమిది లోకాల్లో మొదటిదాని మొదటి స్టేజ్‌లోనే ఈ పాఠం మొదలవుతుంది. అక్కడ ఆకు ఇచ్చి, దాని తరువాత పరుగుకు చోటు ఇచ్చారు. లేచి చూస్తే పైన ఆకాశంలో ఒక గొట్టం ఉంటుంది. దానిలోకి దిగితే నాణేలను 3 అంకె ఆకారంలో పేర్చిన గది వస్తుంది. ఎక్కడా ఒక్క అక్షరం సూచన ఇవ్వకుండా, పరుగెత్తితే ఎగరవచ్చనీ, ఎగిరితే పైన బహుమతి ఉంటుందనీ ఒక్క నిమిషంలో నేర్పేస్తుంది ఆ స్టేజ్. మా దుకాణంలో దాన్ని మొదట కనిపెట్టినవాడికి ఆ వారమంతా మిగతా పిల్లలు తమ వంతులో ఐదు నిమిషాలు ఊరికే ఇచ్చారంటే ఆ గొట్టానికి మా మధ్య ఎంత విలువ ఉండేదో ఊహించుకోవచ్చు.

ఇక్కడ భాషకు సంబంధించిన ఒక చిన్న మాట. మన తెలుగులో ఎగరడం అంటే గెంతడమూ అవుతుంది, గాలిలో పోవడమూ అవుతుంది. అందుకే చిన్నప్పుడు మేము "ఎగురు, ఎగురు" అని అరిస్తే, ఆడేవాడికి గుంట దాటమంటున్నామో ఆకాశంలోకి పొమ్మంటున్నామో తెలిసేది కాదు, ఆ గందరగోళంలో ఎన్ని లైఫులు పోయాయో చెప్పలేను. ఆట చేసినవారికి తెలుగు తెలియదు కానీ వారు చేసిన పని మాత్రం సరిగ్గా ఈ మాటలాంటిదే. గెంతడానికీ ఎగరడానికీ వేరు వేరు బటన్‌లు పెట్టలేదు. ఒకే బటన్, ఒకే చర్య. పరుగు నిండితే గెంతు సాగి ఎగురుడవుతుంది, నిండకపోతే గెంతుగానే మిగిలిపోతుంది.

ఆకాశాన్ని ఆటలో పెట్టడం ఆ రోజుల్లో అంత తేలికైన పని కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. 1985లో వచ్చిన మొదటి సూపర్ మారియో బ్రదర్స్‌లో తెర కుడివైపుకు మాత్రమే జరిగేది. వెనక్కి జరిగేది కాదు, పైకి అసలే జరిగేది కాదు. అంటే తెర పైఅంచే ఆ లోకానికి పైకప్పు. అలాంటిచోట ఎగిరే వస్తువును ఇచ్చినా ఎగరడానికి చోటు ఉండదు. 1988 అక్టోబర్ 23న జపాన్‌లో వచ్చిన మూడో ఆటలో తెర నాలుగు వైపులా జరుగుతుంది, అదే సమయంలో అడుగున ఉన్న బాణాల పట్టీ మాత్రం కదలకుండా నిలిచి ఉంటుంది. ఆటను నడిపే పాత యంత్రానికి ఆ పని ఒంటరిగా చేయడం కష్టం కాబట్టి, ఎంఎంసీ 3 అనే అదనపు చిప్‌ను క్యాసెట్‌లోనే పెట్టారు. తెర మీద గీతలను లెక్కపెట్టి, ఏ గీత దగ్గర ఆట బొమ్మను ఆపి పట్టీ మొదలుపెట్టాలో అది యంత్రానికి చెబుతుంది. బాణాలు ఎప్పుడూ కంటి ముందు ఉండబట్టే పరుగును కొలుచుకోగలుగుతున్నాం. ఆ పట్టీ లేకపోతే ఆకు సగం పనికిరాదు.

ఎగరడం గొప్పగానే ఉంటుంది కానీ, ఆట పూర్తి చేశాక లెక్క చూసుకుంటే నాకు ఎక్కువగా ఉపయోగపడింది మెల్లగా దిగడం. గెంతు సరిగ్గా అంచనా వేయనివాడికి తోక రెండో అవకాశం ఇస్తుంది. గుంట మీద గాలిలో ఉండగానే దారి సరిచేసుకుని, వాలవలసిన దిమ్మ మీద వాలవచ్చు. పరుగు నిండకపోయినా ఈ సౌకర్యం ఉంటుంది. అలాగే బి నొక్కితే మారియో గిర్రున తిరిగి తోకతో కొడతాడు. పక్కనున్న శత్రువు పడిపోతాడు, నేల మట్టంలో ఉన్న ఇటుకలు పగులుతాయి, తలతో అందుకోలేని పెట్టె పక్కనుంచి తెరుచుకుంటుంది. ఆటలో దొరికే మరో వస్తువైన నిప్పు పువ్వుతో దూరం నుంచి కొట్టవచ్చు. తోకతో కొట్టాలంటే శత్రువు దగ్గరికి పోవాలి. పిరికివాడు పువ్వును ఎంచుకుంటాడని మా దుకాణంలో ఒక అభిప్రాయం ఉండేది. ఇప్పుడు ఆలోచిస్తే అందులో కొంత నిజం లేకపోలేదు.

ఆకుకూ తోకకూ ఏమిటి సంబంధమన్న ప్రశ్న మాకు ఆ రోజుల్లో జవాబు లేనిదిగానే ఉండిపోయింది. పుట్టగొడుగు తింటే పెరగడం, పువ్వు ముట్టుకుంటే నిప్పులు కురిపించడం లాగే ఇదీ ఒక వింత అనుకుని ఊరుకున్నాం. తరువాత తెలిసింది, జపాన్‌లో తనుకి అనే జంతువు ఉంది. అది చూడటానికి మన మాను పిల్లిని తలపించినా నిజానికి కుక్క జాతికి చెందినది. అక్కడి జానపద కథల్లో తనుకి తల మీద ఆకు పెట్టుకుని తనకు నచ్చిన రూపం ధరిస్తుంది. మన కథల్లో కామరూపులు రాక్షసులైతే, వారి కథల్లో ఆ విద్య ఈ చిలిపి జంతువుది. ఇది తెలిశాక ఆకు అర్థమవుతుంది, ఆటలో అరుదుగా దొరికే తనుకి చొక్కా మరింత అర్థమవుతుంది. అది వేసుకుంటే ఆకు చేసే పనులన్నీ చేయడమే కాక, కింది బటన్‌తో పాటు బి నొక్కినప్పుడు మారియో కాసేపు రాతి విగ్రహమైపోతాడు. ఆ కాసేపూ శత్రువులు వాడిని ఏమీ చేయలేరు. జపాన్ దారుల పక్కన కనిపించే జిజో అనే బోధిసత్వుడి విగ్రహాల రూపం అది. తనుకి తోకకు చారలు ఉండవు, మారియో తోకకు ఉంటాయి. అమెరికా జంతువు రకూన్ తోక అది. రెండు ఊళ్ల జంతువులను కలిపి కుట్టిన ఆ చిన్న తప్పు నాకు ఇష్టమే.

దెబ్బ తగిలినప్పుడు ఏమవుతుందన్నది ఏ వస్తువు విలువకైనా ముఖ్యమే. అమెరికాలో 1990లో వచ్చిన ప్రతిలో తోక ఉన్న మారియోకు దెబ్బ తగిలితే తోక పోయి, మామూలు పెద్ద మారియోగా మిగులుతాడు. జపాన్‌లోని తొలి ప్రతిలో అలా కాదు. ఏ రూపంలో ఉన్నా ఒక్క దెబ్బకు పొట్టివాడైపోతాడు. మా దుకాణంలోని క్యాసెట్ జపాన్ ప్రతి నుంచి వచ్చినదే అయి ఉండాలి, ఎందుకంటే తోక పోయిన మరుక్షణం మా మారియో పొట్టిగా నిలబడి ఉండేవాడు, ఆ దృశ్యం నాకు స్పష్టంగా గుర్తుంది. స్విచ్‌లో నేను ఆడిన ప్రతి మెత్తనిది. ఆ కారణంగా ఆకును కాపాడుకోవాలన్న ఆత్రం కొంత తగ్గింది, నిజం చెప్పాలంటే ఆ ఆత్రమే నాకు ఎక్కువ నచ్చేది. అసలు ఆటలో నిల్వ చేసుకునే ఏర్పాటు కూడా లేదు. ఎనిమిది లోకాలను ఒకే విడతలో ఆడాలి. గంటకు ఐదు రూపాయల లెక్కలోనూ, వేసవి మధ్యాహ్నాల కరెంటు కోతలోనూ అది జరిగే పని కాదు కాబట్టి, నేను చివరి లోకాన్ని మొదటిసారి నలభై దాటాకే చూశాను.

ఇక పి వింగ్ అనే దాని సంగతి. మొదటి లోకం పూర్తి చేయగానే రాకుమారి పంపే ఉత్తరంతో పాటు ఇది ఒకటి వస్తుంది. దీన్ని వాడి స్టేజ్‌లోకి వెళ్తే తోకతో పాటు నిండిన పట్టీ కూడా లభిస్తుంది, అది స్టేజ్ ముగిసేదాకా ఖాళీ కాదు. పరుగు అక్కర లేదు, నేల అక్కర లేదు. బటన్ కొడుతూ ఉంటే చాలు, ఆకాశం అంచున శత్రువులెవరూ లేని చోట అలా పోతూనే ఉండవచ్చు. మా మేనల్లుడు దాన్ని దొరికిన రోజే వాడేశాడు. రెండు నిమిషాల్లో స్టేజ్ ముగిసింది. "మామయ్యా, కింద ఏముందో చూడనే లేదు" అని తిరిగి అదే స్టేజ్ ఆడదామంటే, ఒకసారి గెలిచిన స్టేజ్‌లోకి ఈ ఆటలో మళ్లీ పోనివ్వరు. ఆకును తయారుచేసినవారే దాని పక్కన ఈ వస్తువునూ పెట్టడం నాకు ఆశ్చర్యమే. ఎనిమిదో లోకంలో ట్యాంకులూ ఓడలూ కలిసి మీద పడినప్పుడు ఇది ప్రాణం నిలబెడుతుందన్న మాట ఒప్పుకుంటాను, అందుకే పదికి నాలుగు మార్కులు వేస్తున్నాను. ఆకుకు మాత్రం తొమ్మిది.

ఆకుకు నిజమైన పోటీ దాని తమ్ముడి నుంచే వచ్చింది. 1990 నవంబర్‌లో జపాన్‌లో వచ్చిన సూపర్ మారియో వరల్డ్‌లో ఆకు స్థానంలో ఈక ఉంది. దాన్ని అందుకుంటే మారియో భుజాలకు పసుపు రంగు ఉత్తరీయం వస్తుంది. డోనట్ ప్లెయిన్స్ అనే లోకం మొదటి స్టేజ్‌లో, మెరిసే వస్త్రం కట్టుకుని మీదికి వచ్చే తాబేలును తొక్కితే ఆ ఈక రాలుతుంది. దీనికీ పరుగు కావాలి, చేతులు చాపిన భంగిమ వచ్చేదాకా పరుగెత్తి గెంతాలి. అక్కడి నుంచి దారి వేరు. పైకి పోయి కిందికి వాలుతున్నప్పుడు సరిగ్గా అదనుకు వెనక్కి నొక్కితే ఉత్తరీయం గాలిని పట్టుకుంటుంది, మారియో మళ్లీ పైకి లేస్తాడు; వదిలితే వాలుతాడు; మళ్లీ లాగితే లేస్తాడు. ముందుకే నొక్కితే తలకిందులుగా దూకి నేలను తాకుతాడు, ఆ అదురుకు నేల మీది శత్రువులు పడిపోతారు.

సంక్రాంతికి మన ఊళ్లో మేడ మీద పతంగి ఎగరేసినవారికి ఈ విద్య చెప్పనక్కర లేదు. ఢీల్ ఇస్తే, అంటే దారం వదిలితే, పతంగి దూరం పోతూ కిందికి జారుతుంది, ఖీంచితే, అంటే లాగితే, ముక్కు పైకెత్తి లేస్తుంది. ఎప్పుడు ఏది చేయాలో మాంజా పట్టిన వేళ్లకు తెలియాలి, కళ్లు చూసి చెప్పేలోగా ఆలస్యమైపోతుంది. ఈక కూడా అంతే. మొదటి రోజు నాకు మూడు ఊపులకు మించి నిలవలేదు. పది రోజుల సాధన తరువాత స్టేజ్ మొదటి నుంచి చివరి దాకా నేలను ముట్టకుండా పోగలిగాను, అలా పోయిన మొదటిసారి నా ఒళ్లు పులకరించిందంటే అతిశయోక్తి కాదు. చేతి నేర్పుకు ఇంత ప్రతిఫలమిచ్చే వస్తువు ఆకు కాదు, ఈకే. పైగా గాలిలో ఉండగా శత్రువు తగిలితే ఈక పోదు, ఎగురుడు మాత్రం ఆగుతుంది. ఈ మర్యాద ఆకులో లేదు.

అయినా ఈకకు ఎనిమిది మార్కులే వేస్తున్నాను. నేర్పు వచ్చాక అది ఆటను తినేస్తుంది. ఒకసారి గాలిలోకి లేచినవాడు దిగవలసిన అవసరం లేదు కాబట్టి, కింద ఎంతో శ్రద్ధగా అమర్చిన దిమ్మలూ గుంటలూ శత్రువులూ అన్నీ కనబడకుండా పోతాయి. పి వింగ్‌లో ఉన్న దోషమే ఇది. కాకపోతే అక్కడ ఊరికే వస్తుంది, ఇక్కడ కష్టపడి సంపాదించుకుంటాం. ఆకు నాలుగైదు సెకన్లలో మనల్ని దించేస్తుంది. దింపిన చోట మళ్లీ నేల, మళ్లీ శత్రువులు, మళ్లీ పరుగుకు చోటు వెతుక్కోవడం. ఆట ఆడేవాడికి ఆకలి మిగిల్చే వడ్డన అది.

ఒక్క విషయంలో అన్నదమ్ములిద్దరూ ఒకే పని చేశారు. మూడో ఆట మొదటి లోకపు కోటలో పైకప్పు మీదుగా పోతే, కొన్ని లోకాలను దాటించే పిల్లనగ్రోవి ఉన్న గది వస్తుంది. వరల్డ్‌లో డోనట్ దెయ్యాల కొంపలో కూడా మొదట్లోనే పైకి లేచి కప్పు మీదుగా నడిస్తే, ఈకలూ పువ్వులూ ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు దొరికే రహస్య స్థలానికి దారి కనిపిస్తుంది. కప్పు ఉంది కాబట్టి దాని మీదికి ఎవరూ పోరన్న మన నమ్మకం మీద ఆడిన ఆట ఇది. ఎగిరే వస్తువును ఇంతకన్నా మంచి పనికి వాడినవారిని నేను ఎరగను.

తరువాతి కాలపు వస్తువుల గురించి ఎక్కువ రాయను. 1996లో సూపర్ మారియో 64లోని రెక్కల టోపీ త్రిమితీయ ఆకాశాన్ని ఇచ్చింది, మూడు గెంతులు వరుసగా వేసి లేవడం బాగానే ఉంటుంది కానీ దానికి గడియారం ఉంది, పట్టు దొరికేలోగా టోపీ మాయమవుతుంది. 2009లో వచ్చిన చక్రపు పుట్టగొడుగు పరుగు అడగకుండా ఒక్క కుదుపుతో పైకి విసిరేస్తుంది. 2011లో సూపర్ మారియో త్రీడీ ల్యాండ్‌లో ఆకు తిరిగి వచ్చింది, కానీ తోకతో తేలడమే తప్ప ఎగరడం తీసేశారు. తోకాకు పేరు పెట్టుకుని అది చేసిన పని చూస్తే నాకు పెరుగు లేని పెరుగన్నం గుర్తొచ్చింది. మరుసటి ఏడు న్యూ సూపర్ మారియో బ్రదర్స్ 2లో ఎగురుడును తిరిగి ఇచ్చారు, ఆ తప్పు వారికే తెలిసి ఉంటుంది.

హైదరాబాద్‌లో దీన్ని ఎలా ఆడాలన్నది చివరి సంగతి. నింటెండో స్విచ్‌ను మన దేశంలో అధికారికంగా విడుదల చేయలేదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్ వైపు దుకాణాల్లో దిగుమతి చేసుకున్నవి దొరుకుతాయి. వారంటీ అన్న మాటను దుకాణదారుడి నోటి మాటగానే తీసుకోవాలి. నేను కొన్న చోట యంత్రంతో పాటు తక్కువ ధరకు అంటగట్టిన విడి కంట్రోలర్‌లో ఎ బటన్ రెండు వారాలకే గట్టిపడింది. ఎగరడానికి నిమిషానికి వందసార్లు కొట్టవలసిన బటన్ అదే కాబట్టి ఆకుకు అంతకన్నా పెద్ద శత్రువు ఆటలో కూడా లేదు. తిరిగి తీసుకెళ్తే "గేమ్ మీరు గట్టిగా ఆడుతున్నట్టున్నారు సార్" అన్నాడు, మార్చి ఇవ్వలేదు. కంట్రోలర్ మాత్రం అసలుదే కొనండి.

పాత ఆటలు నింటెండో స్విచ్ ఆన్‌లైన్ అనే చందాలో వస్తాయి. ఖాతాను నింటెండో ఆన్‌లైన్ దుకాణం ఉన్న మరో దేశం పేరుతో తెరుచుకోవాలి. మూడో ఆట ఆ చందా మొదలైన 2018 సెప్టెంబర్ నుంచే అందులో ఉంది, వరల్డ్ మరుసటి ఏడాది చేరింది. రెండూ మామూలు చందాలోనే దొరుకుతాయి. ఎక్కడ కావాలంటే అక్కడ ఆపి నిల్వ చేసుకోవచ్చు, కరెంటు కోతకు భయపడనక్కర లేదు. రెండు బటన్‌లు కలిపి నొక్కితే ఆట వెనక్కి తిరిగే సౌకర్యం కూడా ఉంది. పిల్లలకు ఇచ్చేటప్పుడు దాన్ని చూపించకపోవడమే మేలని నా సలహా. పరుగు తప్పిన ప్రతిసారీ కాలాన్ని వెనక్కి తిప్పుకునేవాడికి వెనక్కి నడిచి చోటు చూసుకోవడం ఎప్పటికీ రాదు. ఇంకొక జాగ్రత్త, టీవీలో గేమ్ మోడ్ పెట్టుకోండి. కొత్త టీవీలు బొమ్మకు మెరుగులు దిద్దే పనిలో కొంత ఆలస్యం చేస్తాయి, ఆ ఆలస్యంలో మీరు నొక్కిన గెంతు గుంట దాటాక గానీ తెర మీద జరగదు. ఆ అమరిక మార్చే దాకా నా వయసే కారణమని వారం రోజులు బాధపడ్డాను.

మా మేనల్లుడికి ఇప్పుడు మొదటి లోకం కొట్టిన పిండే. కోట పైకప్పు మీద ఏముందో మాత్రం నేను చెప్పలేదు. వాడి స్నేహితుడెవరో బడిలో చెప్పినట్టున్నాడు. ఆదివారం పొద్దున్నే కూర్చుని, ఎముకల తాబేలును తొక్కి కూల్చి, ఎడమవైపు గోడ దాకా వెనక్కి నడిచి పరుగు మొదలుపెట్టాడు. ఐదో బాణం వెలిగిన దగ్గర, కూలిన ఎముకలు మళ్లీ కూడుకుని తాబేలు లేచి దారికి అడ్డంగా నిలబడింది.